సూర్యం గారి సెక్షన్

పోయిన వారం మా షెడ్డుకి కొత్త రబ్బరు గుడ్డ వచ్చింది. చుట్ట విప్పగానే, పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా లోపల చల్లిన సుద్దపొడి గుప్పున లేచింది. మిషన్ల దగ్గరున్న వాళ్ళంతా తుమ్ముకుంటూ బయటికి నడిచారు. నేను మాత్రం అక్కడే నిలబడి గుండె నిండా పీల్చాను. రబ్బరూ సుద్దా కలిసిన ఆ వాసన సూర్యం గారి చొక్కాలది. ఎంత ఉతికినా పోయేది కాదు. రైల్లో పక్కన కూర్చున్నవాళ్ళు "మీకు టైర్ల కొట్టా అండి?" అని అడిగితే ఆయన "అలాంటిదేనండి" అని ఊరుకునేవారు. నౌకాదళంలో, హెలికాప్టర్ల స్క్వాడ్రన్‌లో పనిచేశానని చెప్పుకుంటే ఎంత మర్యాద దొరికేదో ఆయనకి తెలియక కాదు. అడగనివాళ్ళకి చెప్పడం ఆయనకి చేతకాదు. అడిగినవాళ్ళకి మాత్రం చెప్పడం ఆపడం చేతకాదు.

నేను ఆయన దగ్గర పనికి చేరింది రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో. మాది ఏలూరు. మా నాన్న దర్జీ. రెడీమేడ్ చొక్కాలు వచ్చి ఆయన మిషను మీద దుమ్ము పడుతున్న రోజులవి. తాడేపల్లిగూడెంలో నేవీ నుంచి వచ్చిన ఒకాయన మందపాటి గుడ్డ కుట్టగలిగేవాళ్ళ కోసం చూస్తున్నాడని ఎవరో చెప్పారు. లైఫ్ జాకెట్లు కూడా కుడతారట అన్నాను ఇంట్లో. మా అమ్మకి ఆ మాటలో జాకెట్లు ఒక్కటే వినపడింది. "జాకెట్లు కుట్టడానికి గూడెం దాకా ఎందుకే షమీమ్, ఏలూరులో ఆడాళ్ళు లేరా?" అంది. నీళ్ళలో మునిగిపోకుండా తొడుక్కునేవి అని చెప్పాక ఇంకా భయపడింది. అయినా మర్నాటి నుంచి పొద్దున్నే ప్యాసింజరు ఎక్కడం మొదలుపెట్టాను. భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు దాటుకుంటూ వెళ్ళి, సాయంత్రం మళ్ళీ అదే దారిన వచ్చేదాన్ని.

సూర్యం గారి వాళ్ళది గూడెంలో బట్టల కొట్టు. అన్నగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే, ఈయన చిన్నతనంలోనే నేవీలో చేరిపోయి, నడివయసులో తిరిగొచ్చి, రైసు మిల్లుల వెనక రేకుల షెడ్డు వేసుకున్నారు. మార్కెట్ యార్డులో ధాన్యం మీద కప్పే టార్పాలిన్లు కుట్టడం మా అసలు పని. చేపల చెరువుల వాళ్ళకీ పడవల వాళ్ళకీ లైఫ్ జాకెట్లు కుట్టడం ఆయన ఇష్టం కొద్దీ పెట్టుకున్న పని. భార్య పోయారు, పిల్లలు లేరు. షెడ్డు వెనకే రెండు గదుల్లో ఉండేవారు. ఊరంతా దాన్ని నేవీ గారి షెడ్డు అనేది. ఆయన మాత్రం సెక్షన్ అనేవారు. అందరినీ మీరు అనే మనిషి. ఎవరూ లేనప్పుడు కుట్టు మిషన్ని కూడా మీరు అనే పిలిచేవారేమోనని నా అనుమానం.

గుడ్డ కత్తిరిస్తూ ఆయన "మా స్క్వాడ్రన్‌లో అమ్మా" అని మొదలుపెట్టారంటే మధ్యాహ్నం భోజనాల దాకా సాగేది. అది పుట్టినప్పుడు దానికున్నవి ఒక్క ఇంజను హెలికాప్టర్లట. నేల మీద ఇంజను ఆగితే ఏ పొలంలోనో దిగొచ్చు, సముద్రం మీద ఎక్కడ దిగుతాం అనేవారు. ఉప్పుగాలికి రేకులు తినేస్తాయని, ఎగిరి వచ్చిన ప్రతిసారీ గేదెల్ని కడిగినట్టు మంచినీళ్ళతో కడిగేవారట. తర్వాత పెద్దవి వచ్చాయి. అవి నీళ్ళ మీద గాల్లో కదలకుండా నిలబడి, తీగకు కట్టిన యంత్రాన్ని లోపలికి దించి, జలాంతర్గాముల చప్పుడు వినేవి. ఊగుతున్న ఓడ మీద వాలేవి. ఒకసారి తుఫానులో విరిగిన పడవ మీంచి జాలర్లని పైకి లాగుతుంటే ఒక ముసలాయన వల వదిలి రానన్నాడట. వలలోంచి ఒక ముక్క కోసి చేతికిస్తే గానీ కదలలేదట. ఈ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పారో, నేను ఎన్నిసార్లు కొత్తగా విన్నట్టు తలాడించానో లెక్కలేదు.

ఆయన ఆ హెలికాప్టర్లు నడిపినవారు కాదు, వాటి ఇంజన్లు ముట్టుకున్నవారు కాదు. సేఫ్టీ సెక్షన్ అని ఒక గది ఉండేది. ఎగిరేవాళ్ళు వేసుకునే లైఫ్ జాకెట్లని పరీక్షించి, మడిచి కట్టేది అక్కడ. దారం లాగితే చిన్న గ్యాస్ సీసా తెరుచుకుని జాకెట్టు ఉబ్బుతుంది. మడతలో తేడా ఉంటే ఉబ్బదు. ఆ గదికి పెద్ద పిళ్ళై గారు. సూర్యం గారికి పని నేర్పింది ఆయనే. ఒక్కొక్కరి కొలతకీ ఒక్కో జాకెట్టు ఉండేది, దాన్ని ఎప్పుడూ ఒక్క మనిషే కట్టాలి. ఎగరబోయే ముందు సిబ్బంది వరసగా వచ్చి, కొక్కేలకు ఉన్నవి తొడుక్కుని, గుమ్మం దగ్గర ఆగి గుండె మీద ఒక చరుపు చరిచి "ఎవరిది?" అని అడిగేవారట. గుమ్మంలో నిలబడ్డ సెక్షన్ మనిషి, దాన్ని కట్టినవారి పేరు చెప్పాలి. అది విన్నాకే బయటికి అడుగు. ఏ రూల్సు పుస్తకంలోనూ లేని ఆచారం అది. పిళ్ళై గారు పెట్టింది ఇంకొకటి కూడా ఉంది. కొత్తగా చేరినవాడు మొదట కట్టిన జాకెట్టుని తనే తొడుక్కుని సముద్రంలోకి దూకాలి.

ఈ రెండో ఆచారం నా మెడకి చుట్టుకుంది. కొల్లేటి లంక ఒకదాని నుంచి, పిల్లల్ని బడికి దాటించే పడవ కోసం జాకెట్లు కావాలని అడిగారు. లోపల ఫోమ్ పెట్టి కుట్టే రకం. నేను కుట్టడం పూర్తిచేసిన రోజున సూర్యం గారు "ఒకటి తొడుక్కుని నీళ్ళలో దిగాలమ్మా" అన్నారు. నాకు ఈత రాదండి అన్నాను. "రాకపోతేనే మంచిది. ఈత వచ్చినవాళ్ళు తొడుక్కుంటే వాళ్ళని వాళ్ళే మోసుకుంటారు. జాకెట్టు సంగతి తెలీదు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులు పనిలోకి వెళ్ళలేదు. మా అమ్మ సంతోషించింది. మూడో రోజు, ఆ పడవలో బడికి వెళ్ళే పిల్లల్లో ఈత రానివాళ్ళు ఉంటారు కదా అన్న ఆలోచన వచ్చి, ఇంక ఇంట్లో కూర్చోలేక వెళ్ళాను. ఎందుకు రాలేదని ఆయన అడగలేదు.

పెదపాడు మీదుగా వెళ్ళి, గట్టు దిగి, గుర్రపుడెక్క తొలగించిన చోట నీళ్ళలోకి అడుగు పెట్టాను. సల్వారు మీద జాకెట్టు, నడుముకి బిగించిన చున్నీ. సూర్యం గారు పంచె ఎగ్గట్టి నడుము లోతులో నిలబడి, నాకు కట్టిన తాడు కొస పట్టుకున్నారు. గట్టు మీద లంక ఆడవాళ్ళు చేరి ముసిముసి నవ్వులు. ఒకామె "భయపడకమ్మా, మా కొల్లేరు అంత చెడ్డది కాదు" అంది. కాళ్ళ కింద బురద జారిపోయింది. గడ్డం దాకా మునిగాను. నోట్లోకి నీళ్ళు వెళ్ళాయి. తర్వాత జాకెట్టు నన్ను ఎత్తింది, కానీ అది మాత్రం పైకి జరిగిపోయి చెవుల దాకా వచ్చి గొంతు నొక్కింది. ఒడ్డుకొచ్చి దగ్గుతూ, "నడుము దగ్గర పట్టీ ఒకటి ఉండాలండి, పిల్లలైతే కిందనుంచి జారిపోతారు" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. "ఏం మార్చాలో ఇంక నన్ను అడగక్కర్లేదమ్మా" అన్నారు. అన్నిటికీ పట్టీలు వేసి కుట్టి ఇచ్చాం. ఆ రోజు నుంచి ఈ పని నాది అయింది. అంతకు ముందు అది జీతం.

తర్వాత ఒకటి రెండేళ్ళకి షెడ్డులో ఫోను మోగింది. తీసింది నేనే. స్క్వాడ్రన్‌కి ఉత్సవం చేస్తున్నారట, పాతవాళ్ళ జ్ఞాపకాలన్నీ కలిపి స్క్వాడ్రన్ చరిత్ర పుస్తకంగా వేస్తున్నారట, సేఫ్టీ సెక్షన్ గురించి సూర్యం గారు చెప్పాలట. రాసే పని తన మీద వేసుకున్నది రఘురాం గారని ఒక రిటైర్డ్ పైలట్. హైదరాబాదు నుంచి స్వయంగా వస్తానన్నారు. ఇక ఈయన్ని పట్టలేం అనుకుని నవ్వుతూ ఆ మాట చెప్పాను. సూర్యం గారు కత్తెర కింద పెట్టి బయటికి వెళ్ళి, మిల్లు గోడ వైపు చూస్తూ చాలాసేపు నిలబడిపోయారు.

ఎందుకో మర్నాడు చెప్పారు. అన్ని కథలు చెప్పిన మనిషి అదొక్కటి ఎప్పుడూ చెప్పలేదు. ఒక రోజు హెలికాప్టర్ ఒకటి సముద్రంలో పడిపోయింది. అందులో ఉన్నది ఇద్దరు స్నేహితులు, రఘురాం గారు, అరవింద్ అనే ఇంకో ఆఫీసరు. ఇద్దరూ బయటపడి నీళ్ళ మీదకి వచ్చారు. రఘురాం గారి జాకెట్టు ఉబ్బింది. అరవింద్‌ది ఉబ్బలేదు. వెనక వచ్చిన హెలికాప్టర్‌కి రఘురాం గారు ఒక్కరే దొరికారు. అరవింద్ జాకెట్టు కట్టింది సూర్యం గారు.

"విచారణలో నా తప్పేమీ తేలలేదమ్మా. కారణం తెలియదు అని రాశారు. పిళ్ళై గారు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. కొన్నాళ్ళకి కొత్తగా వచ్చిన ఆఫీసరు ఒకాయన గుమ్మం దగ్గర గుండె చరిచి ఎవరిది అని అడిగాడు. సూర్యందండి అన్నాను. ఆ చెయ్యి గుండె మీదే ఒక్క క్షణం ఆగిపోయింది. ఏమీ అనలేదు పాపం, ఎక్కి వెళ్ళిపోయాడు. నా సర్వీసు గడువు అయిపోగానే నేను ఉద్యోగం మానేశాను" అన్నారు.

"రఘురాం గారు అక్కడే ఉన్నారు కదండీ. అరవింద్ గారు దారం లాగారో లేదో చూసి ఉంటారు. ఎప్పుడైనా అడిగారా?" అన్నాను.

"లేదమ్మా. లాగాడు, తెరుచుకోలేదు అంటే ఏం చెయ్యను?"

"లాగలేదు అంటే?"

"అప్పుడు తేలికపడతాను. పోయిన అబ్బాయి మీదకి తోసేసి తేలికపడినట్టు అవుతుంది" అన్నారు.

రఘురాం గారు వచ్చే లోపు ఆయన సరిగా అన్నం తినలేదు. కత్తిరించిన గుడ్డనే మళ్ళీ కొలిచేవారు. ఇన్నేళ్ళ తర్వాత ఆ మనిషి ఎదురుగా వచ్చి కూర్చుంటున్నాడు, అడిగితే జవాబు దొరుకుతుంది. అడగాలా వద్దా అన్నది ఆయన ముఖం మీదే కనిపిస్తుండేది. నేను మాత్రం ఆయన అడగకపోతే నేనే అడిగేద్దామని నిశ్చయించుకున్నాను. ఆ జవాబు ఏదైనా సరే, తెలియకపోవడం కంటే మేలు అని ఆ వయసులో నా నమ్మకం.

రఘురాం గారు పెద్ద మనిషి, లావుపాటి మనిషి. స్టేషన్ నుంచి రిక్షాలో వచ్చి దిగి, షెడ్డు గుమ్మంలో ఆగిపోయారు. సూర్యం గారు ఎదురెళ్ళి లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. నేను టీ తెప్పించాను. ఆ తర్వాత గంటకు పైగా ఆయన అడగడం, ఈయన చెప్పడం. ఒక్క ఇంజను రోజులు, కొక్కేలు, గుమ్మం ఆచారం, పిళ్ళై గారి చేతి పని. ఆ ముసలాయన వల కూడా వచ్చింది. ఆయన రాసుకుంటూ నవ్వుతున్నారు. అరవింద్ పేరు ఇద్దరూ ఎత్తలేదు. చివరికి పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు. నేను నోరు తెరవబోయాను. అంతలో ఆయనే "సూర్యం, నేను పుస్తకం కోసమే రాలేదు" అన్నారు.

ఆయన చెప్పింది నాకు గుర్తున్నంతవరకు ఇది. ఆ రోజుల్లో ఆయనకి కొత్తగా పెళ్ళయి ఒళ్ళు వచ్చింది. జాకెట్టు బిగుతైపోయింది. సెక్షన్‌కి వచ్చి కొలత మార్పించుకోవాలి. వస్తే పిళ్ళై గారు, కొత్త పెళ్ళికూతురు వంట బాగా చేస్తోందా అని నలుగురిలో ఆట పట్టిస్తారని సిగ్గుపడి వాయిదా వేస్తూ వచ్చారు. ఆ రోజు కొక్కేల దగ్గర అరవింద్ ఆయన అవస్థ చూసి, "నాది వదులుగా ఉంటుంది, వేసుకో" అని తనది తీసి ఇచ్చి, రఘురాం గారిది తను తొడుక్కున్నాడు. "గుమ్మంలో ఉన్నది నువ్వే. అరవింద్ గుండె చరిచి ఎవరిది అన్నాడు. నువ్వు నాది అన్నావు. నేను అడిగితే పిళ్ళై గారిది అన్నావు. మార్చుకున్నది నీకు తెలియలేదని మేమిద్దరం బయటికి వచ్చి నవ్వుకున్నాం" అన్నారు.

సూర్యం గారు స్టూలు ముందుకి జరుపుకున్నారు.

"వాడు దారం లాగాడు. నా కళ్ళతో చూశాను. రెండు చేతులతో లాగాడు. నా చెయ్యి అందలేదు. ఆసుపత్రిలో నన్ను అడిగినప్పుడు మార్చుకున్నాం అని చెప్పలేకపోయాను. వాడిది నేను వేసుకుని బతికానని వాళ్ళ అమ్మానాన్నలకి ఎలా చెప్పను? తర్వాత చెబుదామనుకున్నాను. ఈలోపు రికార్డులో నీ పేరు ఎక్కేసింది." రఘురాం గారు జేబులోంచి పెన్ను మళ్ళీ తీశారు. "నన్ను మోసిన జాకెట్టు నువ్వు కట్టింది సూర్యం. ఈ మాట పుస్తకంలో రాస్తాను. అడిగి రాద్దామని వచ్చాను."

ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపం వెనకే సూర్యం గారి కోసం ఎంతో సంతోషం వచ్చింది. లేచి ఏదైనా అంటారేమో, ఏడుస్తారేమో అని చూశాను. ఆయన ఒక్కటే అడిగారు.

"మీరు దారం లాగగానే తెరుచుకుందా అండి?"

"లాగగానే."

సూర్యం గారు తల పంకించి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ అద్దాల మీద ఏమీ లేదు, ఉన్నదంతా కళ్ళలోనే. టీ చల్లారిపోయింది, ఇంకోటి తెమ్మన్నారు. నేను తెచ్చేసరికి ఆయన గొంతు మామూలైంది. "మార్చుకున్నారని రాయండి సార్. ఆ అబ్బాయి తన జాకెట్టు తీసి స్నేహితుడికి ఇచ్చాడని ఆయన తల్లిదండ్రులకి తెలియాలి. ఉంటే వాళ్ళు, లేకపోతే వాళ్ళ తర్వాతివాళ్ళు. కట్టింది ఎవరు అన్న చోట మాత్రం ఎవరి పేరూ వద్దు. సెక్షన్ కట్టింది అని రాయండి" అన్నారు.

రఘురాం గారికి అర్థమైంది. తెరుచుకోని జాకెట్టు పిళ్ళై గారు కట్టింది. "పిళ్ళై గారు పోయారు కదయ్యా" అన్నారు మెల్లగా.

"కూతురు ఉందండి. నేవీలోనే ఉద్యోగం చేస్తోంది. పుస్తకం ఆమె చేతికీ వెళ్తుంది."

ఇక నేను ఊరుకోలేకపోయాను. "ఇదేం న్యాయమండీ? ఇన్నాళ్ళూ మీ పేరు ఉంటే ఎవరూ తీయలేదు. ఇప్పుడు నిజం తెలిసి కూడా మీరెందుకు మోయాలి?" అన్నాను. అంత పెద్దవాళ్ళ మధ్య అలా మాట్లాడకూడదని తెలుసు.

సూర్యం గారు నా వైపు తిరిగారు. విసుగు లేదు. "అది ఎంత బరువో నాకు తెలుసమ్మా, అందుకే. ఆమెకి తెలియక్కర్లేదు. పిళ్ళై గారి చెయ్యి తప్పిందో, గ్యాస్ సీసాయే తప్పిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు. మడత పెట్టడం నాకు నేర్పింది ఆయన. సార్ ఇక్కడ కూర్చుని ఉన్నారంటే అందులో ఆయన చెయ్యి లేదంటారా?" అన్నారు. రఘురాం గారు లేచి వెళ్ళి, సూర్యం గారి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని అలాగే నిలబడ్డారు.

ఆ ఏడాది చివర పుస్తకం వచ్చింది. మంచి కాగితం, ఓడలవీ హెలికాప్టర్లవీ రంగు ఫోటోలు, యూనిఫాంలో పెద్ద పెద్ద ఆఫీసర్లు. సేఫ్టీ సెక్షన్‌కి ఒక్క పేజీ దక్కింది. అరవింద్ తన జాకెట్టు ఇచ్చిన సంగతి ఉంది. రెండు జాకెట్లూ సెక్షన్ కట్టినవి అని ఉంది. సూర్యం గారు చదివి, బాగుందన్నారు, మిల్లు వాళ్ళ టార్పాలిన్లు ఎంతవరకు వచ్చాయని అడిగారు. ఆ తర్వాత ఆయన కొంచెం ఒళ్ళు చేశారు, నాకు ఆనందంగా ఉండేది. ఇంకొన్నేళ్ళు బతికారు. పోయేముందు షెడ్డు నాకు అప్పజెప్పారు. అన్నగారి పిల్లలు కూడా అడ్డు చెప్పలేదు. నేను దాన్ని ఏలూరుకి మార్చుకున్నాను.

ఆయన చేసింది పూర్తిగా సరైనదని ఇప్పటికీ నేను అనను. నిజం నిజమే, దాన్ని సగం చెప్పి వదిలేశారని ఒక్కోసారి మనసులో ఆయనతో పోట్లాడతాను. అయినా కొన్ని పనులు ఒప్పుకోకుండానే నేర్చేసుకుంటాం. ఈ మధ్య చేపల చెరువుల యజమాని ఒకాయన జాకెట్టు ఒకటి పట్టుకొచ్చాడు. పట్టీ దగ్గర కుట్టు విడిపోయింది. మనిషికి ఏమీ కాలేదు, మోకాలి లోతు నీళ్ళే. కానీ ఆయన కోపం న్యాయమైనదే. "ఎవరండీ దీన్ని కుట్టింది?" అని గట్టిగా అడిగాడు. అది లక్ష్మి కుట్టింది. లక్ష్మి కొత్తగా చేరిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. వెనక మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోవడం నాకు వినపడింది.

"మేమేనండి" అన్నాను.

"అదే, మీలో ఎవరు?"

"మేమే కుట్టామండి. మీ దగ్గరున్నవన్నీ తెచ్చేయండి, మళ్ళీ కుట్టి, మేమే తొడుక్కుని నీళ్ళలో దిగి చూసి ఇస్తాం."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూశాను. లక్ష్మి తల ఎత్తలేదు. విడిపోయిన ఆ కుట్టు మొత్తం విప్పి, ఒళ్ళో పెట్టుకుని, మొదటి నుంచి మొదలుపెట్టింది. పక్క మిషను ఆమె లేచి వెళ్ళి ఆ పట్టీ రెండో కొస పట్టుకుంది.